చేతి నుంచి చెవికి, చెవి నుంచి కాగితానికి: పలు వాద్యాలు తెలిసినవారు స్వరరచన, అరేంజ్‌మెంట్ నేర్చుకునే విధానం

చెన్నైలోని తెలుగు ఇళ్లలో మూడు నాలుగు వాద్యాలు చేతనైన యువతీయువకులు తరచుగా కనిపిస్తారు. చిన్నప్పుడు మైలాపూరులోనో టి.నగర్‌లోనో వయొలిన్ గాని వీణ గాని మొదలుపెట్టి, బడిలో కీబోర్డు పట్టి, కాలేజీలో గిటారు నేర్చి, పెళ్లి రిసెప్షన్లలో పాడే లైట్ మ్యూజిక్ ట్రూపులో రిథమ్ ప్యాడ్లు కూడా వాయించాక, సొంతంగా బాణీ కట్టాలని, దానికి వాద్యాలు అమర్చాలని వారికి కోరిక పుడుతుంది. అక్కడి నుంచి ఎలా ముందుకు వెళ్లాలో చెప్పేవారు మాత్రం తక్కువగా దొరుకుతారు. ఈ వ్యాసం వారి కోసం రాసినది.

ముందుగా ఒక్క విషయం స్పష్టం చేసుకోవాలి. ఎన్ని వాద్యాలు వచ్చు అన్నది అరేంజర్‌కు, అంటే బాణీకి వాద్యాలు అమర్చేవారికి, అర్హత కాదు. ఏ వాద్యం ఏ పని చేయగలదో, ఏ పని చేయలేదో వాయించిన అనుభవంతో తెలిసి ఉండడం, ఆ తెలివిడితో ఒక్కొక్కదానికి దానికి తగిన పనిని మాత్రమే అప్పగించి మిగిలిన సమయమంతా దానిని మౌనంగా ఉంచగలగడం అసలు అర్హత. అన్నీ వాయించగలిగినవారికి అన్నిటినీ ఒకేసారి వినిపించాలన్న ఆశ బలంగా ఉంటుంది. ఆ ఆశను అదుపులో పెట్టడమే ఈ విద్యలో సగం.

ఈ ఊళ్లో ఈ దారి కొత్తది కాదు. ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి మద్రాసులోని జెమినీ స్టూడియో సంగీత విభాగంలో పనిచేసి, ఆ తరువాత ఆకాశవాణి వాద్యబృందానికి రచనలు చేసి నిర్వహించారు. పలు వాద్యాలు చేతనైన సాలూరి రాజేశ్వరరావు ఈ ఊరి స్టూడియోల్లోనే తన బాణీలకు రూపం ఇచ్చారు. ఎ.ఆర్. రెహమాన్ 1992లో సంగీత దర్శకుడిగా తొలి చిత్రం చేయడానికి ముందు చాలా ఏళ్లపాటు ఇతరుల వాద్యబృందాల్లో, రాజ్-కోటి బృందంలో సైతం, కీబోర్డు వాయించారు. పాలకొల్లు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన మాండొలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ దగ్గర మాండొలిన్ నేర్చుకున్న దేవిశ్రీప్రసాద్ కూడా వాద్యం నుంచే స్వరరచనకు వచ్చారు. వీరందరూ ముందుగా ఇతరుల రచనలను శ్రద్ధగా వాయించి, ఆ రచనలు లోపలి నుంచి ఎలా నిలబడ్డాయో గమనించినవారే. కాబట్టి ట్రూపులోనో చర్చి కోయిర్‌లోనో మీరు వాయించే కాలాన్ని వృథా అనుకోవద్దు. పక్కన ఉన్న బేస్ గిటారు ఏం చేస్తోందో వింటూ వాయించడం ఈ చదువులో మొదటి పాఠం.

ఎన్ని వాద్యాలు, ఎంత లోతు

ఒక వాద్యంలో కచ్చేరీ స్థాయి పట్టు ఉండాలి. మిగిలినవాటిలో పని నడిచే పాటి పరిచయం చాలు. మీటేది ఒకటి, కమానుతో వాయించేది ఒకటి, ఊదేది ఒకటి, తాళవాద్యం ఒకటి, వీటికి తోడు కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) చూసుకోవడానికి కీబోర్డు; ఇలా వేరువేరు జాతులకు చెందినవి ఎంచుకోవడం మంచిది. వయొలిన్ వచ్చినవారికి మాండొలిన్ త్వరగా పట్టుబడుతుంది, ఎందుకంటే రెండింటి తీగలనూ కింది నుంచి పైకి జి, డి, ఎ, ఇ అనే వరుసలోనే శ్రుతి చేస్తారు. అయితే వయొలిన్, మాండొలిన్, గిటారు మూడూ వచ్చినా ఊపిరితో నడిచే వాద్యం ఒక్కటీ తెలియకపోతే మీ పరిజ్ఞానంలో పెద్ద ఖాళీ ఉన్నట్టే. కొన్ని నెలలైనా వేణువు గాని క్లారినెట్ గాని ఊదినవారు, ఊపిరి తీసుకోవడానికి చోటు లేని వరుసను మరొకరి ముందు పెట్టరు. మృదంగం పూర్తిగా నేర్చుకునే వీలు లేనివారు కనీసం సొల్లుకట్టు, అంటే మృదంగపు జతులు, నోటితో చెప్పడం నేర్చుకోవాలి. మిశ్రచాపు తాళంలోని ఏడక్షరాలు (తాళపు లెక్కలు) మూడు, నాలుగుగా విడిపోవడం నోటికి పట్టిన తరువాతనే ఆ తాళంలో బేస్ వరుస సరిగా కుదురుతుంది.

గాత్రం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గొంతు బాగాలేదని పాడటం మానేసిన వాద్యకారులు చాలామంది ఉన్నారు. స్వరరచనకు మంచి గొంతు అక్కర్లేదు, శ్రుతిలో నిలిచే గొంతు ఉంటే చాలు. పాడలేని వరుసను రాయవద్దన్న నియమం పెట్టుకుంటే, అది గాయనికే కాదు, సెల్లోకు (కింది స్వరాలు పలికే పెద్ద వయొలిన్ జాతి వాద్యానికి) రాసే వరుసకు కూడా మేలు చేస్తుంది.

వాద్యాన్ని పక్కన పెట్టి బాణీ కట్టడం

చేతులకు అలవాట్లు ఉంటాయి. గిటారు పట్టుకుని బాణీ కట్టేవారికి జి, ఇ శ్రుతుల్లో విడితీగలు మోగే కార్డ్‌లే ముందుగా తడతాయి. కీబోర్డు ముందు కూర్చున్నవారి వేళ్లు తెల్ల మెట్ల మీదికే పోతాయి. వయొలిన్ వారి బాణీల్లో గాత్రానికి కష్టమైన పెద్ద దాట్లు వచ్చి చేరతాయి, ఎందుకంటే తీగ మార్చడం వారికి సులభం. ఇలా ఏ వాద్యం పట్టుకుంటే ఆ వాద్యానికి నచ్చిన బాణీ పుడుతుందే గాని, పాటకు కావలసిన బాణీ పుట్టదు. పలు వాద్యాలు తెలిసినవారికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది: కట్టిన బాణీని మరొక వాద్యం మీద వాయించి చూస్తే, ఏది నిజమైన సంగీతమో, ఏది వేళ్ల అలవాటో వెంటనే తేలిపోతుంది.

అంతకంటే మంచి పద్ధతి, తంబుర శ్రుతి ఒక్కటే పెట్టుకుని నోటితో పాడుతూ బాణీ కట్టి, దానిని స్వరాల్లో రాసి, ఆ తరువాతనే వాద్యం మీద సరిచూసుకోవడం. ఇళయరాజా ఏ వాద్యమూ ముట్టుకోకుండా బల్ల దగ్గర కూర్చుని మొత్తం స్కోరును స్టాఫ్ నొటేషన్‌లో (అయిదు గీతల పాశ్చాత్య స్వరలిపిలో) రాస్తారన్నది అందరికీ తెలిసినదే. ఆ స్థాయి ఎవరికో గాని రాదు, కాని దాని వెనుక ఉన్న సాధన అందరికీ అందుబాటులో ఉంది. ప్రతిరోజూ ఎనిమిది అక్షరాల వరుస ఒకటి మనసులో అనుకుని, రాసి, అప్పుడు వాయించి చూడండి. రాసినదీ మనసులో అనుకున్నదీ ఎక్కడ తేడా వచ్చాయో గుర్తుపెట్టుకోండి. తేడాలు తగ్గేకొద్దీ మీ రచనకు వేళ్లతో పని తగ్గుతుంది.

స్టాఫ్ నొటేషన్ కొత్తగా నేర్చుకుంటున్న కర్ణాటక సంగీత విద్యార్థులకు ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వర సాహిత్యం చక్కని మెట్టు. ఫోర్ట్ సెయింట్ జార్జ్ పరిసరాల్లో వినిపించిన పాశ్చాత్య బ్యాండ్ల బాణీలకు ఆయన సంస్కృత సాహిత్యం రాశారు. సుమారు 40 దాకా ఉన్న ఆ రచనలు శంకరాభరణ స్వరాల్లో, గమకాలు (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) లేకుండా నడుస్తాయి. కాబట్టి వాటిని స్టాఫ్‌లోకి మార్చడం సులభం, కింద బేస్ వరుస రాయడం కూడా సులభం. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చినది కూడా ఆ పరిసరాల్లోనే కావడం చూస్తే, రెండు సంగీతాలనూ పక్కపక్కన పెట్టి చూసే అలవాటు ఈ ఊరికి రెండు వందల ఏళ్లకు పైగా ఉన్నదని అర్థమవుతుంది.

మాటకు బాణీ

కె.వి. మహదేవన్ సాహిత్యం ముందుగా రాయించుకుని, దానికి బాణీ కట్టడానికి ప్రసిద్ధులు. ఇప్పుడు ఎక్కువగా బాణీకే పాట రాయిస్తున్నారు. నేర్చుకునేవారికి మాత్రం మహదేవన్ పద్ధతే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తెలుగు మాట నడక తెలియకుండా కట్టిన బాణీ ఎంత బాగున్నా గాయని నోట్లో ఇరుక్కుంటుంది. దీర్ఘాచ్చు ఉన్న గురువు మీద స్వరం సాగవచ్చు, లఘువు (పొట్టి అక్షరం) మీద సాగకూడదు. 'కల' అన్నప్పుడు మొదటి అక్షరాన్ని సాగదీస్తే వినేవారికి 'కాల' అని వినిపిస్తుంది. 'అమ్మ', 'చెట్టు' వంటి మాటల్లో ద్విత్వానికి ముందు అక్షరం మీద సంగతులు వేయకూడదు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కనుక, పాదం చివర దీర్ఘ స్వరం నిలపడానికి ఈ భాష బాగా ఒదుగుతుంది; ఆ చోటును వాడుకోండి. ఒక పద్యాన్ని గాని, నాలుగు పంక్తుల గేయాన్ని గాని తీసుకుని, ముందు తాళం వేస్తూ మామూలుగా చదివి, మాటలు ఎక్కడ సహజంగా విరుగుతున్నాయో గుర్తు పెట్టుకున్న తరువాతనే రాగం వైపు వెళ్లండి.

రాగం లోపలి నుంచి కార్డ్‌లు

ఇక్కడ కాస్త నిదానంగా నడవాలి. కర్ణాటక సంగీతం నేర్చినవారు కార్డ్‌లు పెట్టేటప్పుడు రాగాన్ని పాడుచేస్తామేమోనని భయపడతారు. గిటారు నుంచి వచ్చినవారు అలవాటైన నాలుగు కార్డ్‌లు పెట్టేసి రాగంలో లేని స్వరాన్ని తమకు తెలియకుండానే దించేస్తారు. ఇద్దరికీ పనికివచ్చే పద్ధతి ఒకటే: రాగంలో ఉన్న స్వరాలతోనే ఎన్ని కార్డ్‌లు కుదురుతాయో ముందుగా జాబితా వేసుకోవడం.

మోహనం తీసుకుందాం. షడ్జం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం, అయిదే స్వరాలు. వీటితో షడ్జం మీద మేజర్ కార్డ్ కుదురుతుంది: స గ ప. ధైవతం మీద మైనర్ కార్డ్ కుదురుతుంది: ద స గ. ఇక పూర్తి మేజర్, మైనర్ కార్డ్‌లు లేవు. మధ్యమం లేదు కాబట్టి నాలుగో స్థానపు కార్డ్ లేదు. నిషాదం లేదు కాబట్టి పంచమం మీది మేజర్ కార్డ్ కూడా లేదు. పాశ్చాత్య పాటలో పంక్తిని ముగించే ఆ ప్రధానమైన లాగుడు మోహనంలో దొరకదన్నమాట. దానికి బదులుగా, కార్డ్ మొదలయ్యే స్వరం నుంచి లెక్కిస్తే మూడో స్వరం చోట రెండోదో నాలుగోదో నిలిచే సస్పెండెడ్ కార్డ్‌లు దొరుకుతాయి: పంచమం మీద ప ద రి, రిషభం మీద రి ప ద, షడ్జం మీద స రి ప. ఇవి మేజరూ కావు, మైనరూ కావు, తేలుతున్నట్టు ఉంటాయి. మోహనం స్వభావానికి అవి చక్కగా సరిపోతాయి.

ఆదితాళంలో, అక్షరానికి రెండు స్వరాల చొప్పున, ఈ చిన్న వరుసను చూడండి: గా పా దా పగ, రీ గా సా, ఆపై ఒక అక్షరం విరామం. మొత్తం ఎనిమిది అక్షరాలు. మొదటి రెండు అక్షరాలకు స గ ప పెట్టండి. మూడు, నాలుగు అక్షరాలకు ద స గ పెట్టండి. అక్కడ బాణీ ధైవతం మీద నిలుస్తుంది కనుక సహజంగా ఒదుగుతుంది, వెనుక వచ్చే పంచమం దారిలో పోయే స్వరంలా వినిపిస్తుంది. అయిదు, ఆరు అక్షరాలకు ప ద రి, చివరి రెంటికి మళ్లీ స గ ప. ఇప్పుడు బేస్ వరుసను మాత్రమే చూస్తే స, ద, ప, స అవుతుంది. అది పై నుంచి కిందికి దిగి తిరిగి షడ్జం చేరుతోంది, బాణీ మాత్రం మొదట పైకి ఎక్కుతోంది. రెండు వరుసలూ ఎదురెదురుగా నడుస్తున్నాయి కాబట్టి పాటకు నిండుతనం వస్తుంది. రాగంలో లేని స్వరం ఒక్కటీ వాడలేదు.

ఎనిమిదో అక్షరంలోని విరామమే అరేంజర్‌కు దొరికిన చోటు. అక్కడ వేణువు రి స ద ప అని తారస్థాయి రిషభం నుంచి నాలుగు స్వరాలు దిగితే, తరువాతి ఆవర్తంలో (తాళపు చుట్టులో) గాయని గాంధారం ఎత్తుకోవడానికి దారి సిద్ధమవుతుంది. బాణీ ఆగినచోట తోడువరుస కదలాలి, బాణీ కదిలేచోట తోడువరుస నిలవాలి. కౌంటర్ మెలడీ, అంటే ఈ తోడువరుస, గురించి ఎంత చదివినా చివరికి తేలేది ఇదే.

ఈ జాబితా పద్ధతిని ఇతర రాగాలకు కూడా వాడండి. హిందోళంలో శుద్ధ ధైవతం మీద ఒక మేజర్, శుద్ధ మధ్యమం మీద ఒక మైనర్ కుదురుతాయి. షడ్జం మీద మాత్రం ఏదీ పూర్తిగా కుదరదు, ఎందుకంటే పంచమం లేదు. కీరవాణిలో కార్డ్‌లకు కొదవ లేదు, అది పాశ్చాత్యుల హార్మోనిక్ మైనరే. తోడిలో గాంధారం కంపిత గమకంతో ఊగుతూ ఉంటుంది కనుక, దాని కింద స్థిరమైన కార్డ్ పెడితే రెండూ దెబ్బతింటాయి. అటువంటి చోట షడ్జ పంచమాలను మాత్రం ఉంచి, కదలికంతా తాళవాద్యానికి అప్పగించడం ఉత్తమం. ప్రతి రాగానికీ కార్డ్‌లు అక్కర్లేదు. ఆ విషయం గుర్తించడం కూడా అరేంజర్ పనే.

శ్రుతి, స్థాయి, వాద్యాల హద్దులు

గాయని శ్రుతి తేలకుండా ఒక్క వాద్యానికి కూడా రాయవద్దు. అదే బాణీని అయిదు శ్రుతిలో రాస్తే ఒక రకమైన వాద్యబృందం, ఒకటిన్నర శ్రుతిలో రాస్తే మరొక రకమైన వాద్యబృందం కావలసి వస్తుంది. పై ఉదాహరణనే అయిదు శ్రుతి గాయనికి, అంటే జి షడ్జంగా, అమర్చి చూద్దాం. ఆమె మధ్యస్థాయి షడ్జం, పాశ్చాత్య పద్ధతిలో శ్రుతి చేసిన వయొలిన్ అతి కింది తీగ, రెండూ ఒకే స్వరం; సుమారు 196 హెర్ట్జ్. అంటే ఆమె మంద్రస్థాయిలోకి (కింది స్థాయిలోకి) దిగే చరణంలో వయొలిన్లు ఆమెతో కలిసి దిగలేవు. అక్కడ వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా గాని సెల్లో గాని అందుకోవాలి. పాశ్చాత్య ఫ్లూట్ కింది సి దగ్గర మొదలవుతుంది. ఈ శ్రుతిలో అది మధ్యస్థాయి మధ్యమం. అంటే పల్లవి ఎత్తుగడలోని గాంధారం ఫ్లూట్‌కు అసలు అందదు. అందినచోట కూడా ఆ కింది స్వరాలు పలుచగా పలుకుతాయి. కాబట్టి ఫ్లూట్‌ను ఒక స్థాయి పైనే నడిపించాలి. సెల్లో మాత్రం ఆమె మంద్రస్థాయికి ఇంకా కిందనున్న పంచమం దాకా హాయిగా వెళ్తుంది. పైన చెప్పిన స, ద, ప, స బేస్ వరుస దానికి సరిగ్గా సరిపోతుంది.

కింది స్థాయిలో స్వరాలను దగ్గర దగ్గరగా పెట్టవద్దు. సెల్లోలో కింది షడ్జమూ దాని పక్క గాంధారమూ కలిపి మోగిస్తే బురదలా వినిపిస్తుంది. కింద షడ్జ పంచమాలో, షడ్జం ఒక్కటో ఉంచి, గాంధారాన్ని ఒక స్థాయి పైన వయోలాకు ఇవ్వండి. అలాగే గాయని గొంతు పలికే ఎత్తులోనే వయొలిన్ల గుంపును నిలబెడితే మాటలు మునిగిపోతాయి. వాటిని ఒక స్థాయి పైన సన్నగా ఉంచడమో, మాటలున్నంతసేపు ఆపేసి ఇంటర్‌లూడ్‌లో (పల్లవి, చరణాల మధ్య వచ్చే వాద్య భాగంలో) పూర్తిగా వాయింపజేయడమో చేయాలి.

ఊపిరి లెక్క కూడా వేసుకోవాలి. నిమిషానికి 80 దెబ్బల కాలప్రమాణంలో ఆదితాళ ఆవర్తం 6 సెకన్లు. మూడు ఆవర్తాలు ఆగకుండా వేణువుకు రాస్తే 18 సెకన్లు. ఏ విద్వాంసుడైనా మధ్యలో ఊపిరి కోసం ఎక్కడో తుంచుతాడు. ఆ తుంచేచోటు ఆయన నిర్ణయించడం కంటే మీరు నిర్ణయించి రాయడం మేలు. వేణువు వాయించేవారు ఒక్కో శ్రుతికి ఒక్కో వేణువు తెచ్చుకుంటారు కాబట్టి, శ్రుతి మారే పాట అయితే ముందుగా కబురు చెప్పాలి, వేణువు మార్చుకోవడానికి నాలుగైదు సెకన్లు వ్యవధి ఇవ్వాలి. మృదంగం, తబలాలు కూడా పాట శ్రుతికి కలిపి ఉంటాయి. రికార్డింగ్ రోజున గాయనికి గొంతు బాగాలేదని శ్రుతి అరమెట్టు దించితే, కీబోర్డుకు ఒక మీట నొక్కితే సరిపోతుంది గాని మృదంగం వారికి అది చాలా పెద్ద పని.

గిటారుకు అయిదున్నర శ్రుతి వచ్చిందని బెంగపడనక్కర్లేదు. మొదటి మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) బిగించి జి ఆకృతులే వాయించవచ్చు. విడితీగల మోత కావాలనుకున్నప్పుడు ఇదే సరైన పద్ధతి. బి-ఫ్లాట్ క్లారినెట్, ట్రంపెట్‌లు రాసిన స్వరం కంటే ఒక పూర్తి మెట్టు కింద పలుకుతాయి కనుక, జి వినిపించాలంటే ఎ అని రాయాలి. ఆల్టో సాక్సొఫోన్‌కు అదే జి కోసం ఇ అని రాయాలి.

పాత రికార్డులను విప్పి చూడటం

కోడంబాక్కం, వడపళని స్టూడియోల్లో ఒకప్పుడు గాయకులు, వాద్యబృందం అందరూ ఒకేసారి కూర్చుని పాట రికార్డు చేసేవారు. ఇప్పటిలా ఒక్కో వాద్యం స్థాయిని తరువాత పెంచే, తగ్గించే వీలు లేదు. ఎవరు మైకుకు ఎంత దూరంలో కూర్చోవాలన్నదీ, ఎవరు ఎక్కడ వాయించకూడదన్నదీ రచనలోనే తేలిపోవాలి. అందుకే ఆ కాలపు తెలుగు పాటలు అరేంజ్‌మెంట్ నేర్చుకోవడానికి ఇప్పటికీ ఉత్తమ పాఠ్యపుస్తకాలు. మీకు బాగా నచ్చిన పాట ఒకటి ఎంచుకుని, ముందు బేస్ వరుసను మాత్రమే విని రాయండి. అది పూర్తయ్యాక తాళవాద్యాలు, ఆపైన ఇంటర్‌లూడ్ బిట్లు, చివరన గాయకుల వెనుక సన్నగా నడిచే తీగవాద్యాలు. ఒక కాగితం మీద పాట మొత్తాన్ని ఆవర్తాలుగా గీసుకుని, ఏ వాద్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రంగుపెన్సిలుతో నింపండి. 80 కాలప్రమాణంలో నాలుగు నిమిషాల ఆదితాళ పాటలో 40 ఆవర్తాలు ఉంటాయి; ఒకే పేజీలో సరిపోతుంది. పేజీలో ఎంత ఖాళీ మిగిలిందో చూసినప్పుడు, నిండుగా వినిపించిన ఆ పాటను ఎంత తక్కువ వాద్యాలతో నడిపించారో తెలిసి ఆశ్చర్యపోతారు. మీ సొంత పాటకు కూడా ముందుగా అలాంటి పేజీ గీసుకుని, ఆ తరువాతనే స్వరాలు రాయడం మంచిది.

కాగితాలు, సెషన్

చెన్నైలో రెండు రకాల వాద్యకారులతో పని పడుతుంది. వయొలిన్ సెక్షన్, సెల్లో, ఫ్లూట్ వారు స్టాఫ్ చూసి అక్కడికక్కడ వాయించేస్తారు. వీణ, నాదస్వరం, మృదంగం వారికి స్వరాలూ తాళమూ కావాలి. స్వరాలు తెలుగు లిపిలో రాస్తే పక్కనున్న తమిళ విద్వాంసుడు చదవలేకపోవచ్చు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, స్థాయి చుక్కలు స్పష్టంగా పెట్టి, సందేహమున్న గమకాన్ని ఒకసారి పాడి వినిపించడం ఉభయులకూ సుఖం. గమకాన్ని నలుగురు వయొలిన్ వారి చేత ఒకేలా వాయింపజేయాలంటే, దానిని చిన్న స్వరాలుగా విడదీసి కమాను దిశతో సహా రాయాలి. అలా రాయడం కుదరని గమకాన్ని ఒకే వయొలిన్‌కు ఇచ్చి మిగిలినవారిని నిలుపుడు స్వరం మీద ఉంచండి.

ప్రతి కాగితం మీద పాట పేరు, శ్రుతి, కాలప్రమాణం, తాళం, బార్ సంఖ్యలు ఉండాలి. సెషన్‌లో 'చరణం తరువాత ఆ రెండో బిట్ నుంచి' అని చెప్పడానికి పట్టే సమయంలో '33వ బార్' అని చెప్పి రెండు టేకులు తీసుకోవచ్చు. వాద్యకారులకు కాల్‌షీట్ (ఒక విడత రికార్డింగ్ సమయం) లెక్కన డబ్బు ఇస్తారు కనుక, మీ కాగితాల స్పష్టతే మీ బడ్జెట్. ఒక పెద్ద వాద్యకారుడు ఈ వరుస ఇలా కుదరదని చెబితే వాదించకుండా, ఎలా అయితే కుదురుతుందో వాయించి చూపమని అడగండి. నలభై ఏళ్లు స్టూడియోల్లో గడిపిన చేతుల నుంచి వచ్చే ఆ జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు.

కంప్యూటర్ మీద డెమో చేయడం ఇప్పుడు తప్పనిసరి. మ్యూజ్‌స్కోర్ ఉచితంగా దొరుకుతుంది, నొటేషన్‌కు సరిపోతుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటి క్షుణ్ణంగా నేర్చుకుంటే చాలు. అయితే శాంపిల్ (ముందే రికార్డు చేసి కంప్యూటర్‌లో పెట్టిన శబ్దం) ఫ్లూట్‌కు ఊపిరి అక్కర్లేదు, శాంపిల్ స్ట్రింగ్స్‌లో ఒక్క మీట నొక్కితే పెద్ద గుంపు మోగుతుంది. మీరు పిలవగలిగేది నలుగురినే అయితే డెమోలో కూడా ఒక్కో వయొలిన్ శబ్దాన్నే వాడి రాయండి. సొంతంగా వాయించగలిగిన వాద్యాలను నిజంగా వాయించి రికార్డు చేయండి. పలు వాద్యాలు తెలిసినందుకు దొరికే అతి పెద్ద లాభం ఇది. ఒక్క నిజమైన గిటారు, ఒక్క నిజమైన వయొలిన్ చేరితే మిగిలిన శాంపిళ్లకు కూడా ప్రాణం వస్తుంది.

నేర్పేవారు, హక్కులు

పాశ్చాత్య సంగీత సిద్ధాంతానికి బ్రిటన్ సంస్థలైన ట్రినిటీ, ఎ.బి.ఆర్.ఎస్.ఎం. పరీక్షలు 1 నుంచి 8 గ్రేడుల వరకు ఉన్నాయి. కనీసం అయిదో గ్రేడు థియరీ దాకా చదివితే పైన చెప్పిన విషయాలన్నీ సులభంగా అర్థమవుతాయి. నాలుగు గొంతులకు విడివిడిగా రాయడం తెలియాలంటే ఏదైనా కోయిర్‌లో పాడటం మంచి మార్గం; చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ స్థాపించిన మద్రాస్ యూత్ కోయిర్ భారతీయ బాణీలకు బహుళ గాత్ర అమరికలు చేసి ఈ ఊళ్లో ఒక ఒరవడి పెట్టింది. పూర్తికాలం చదవదలచినవారికి 2008లో రెహమాన్ నెలకొల్పిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ వంటి సంస్థలు ఉన్నాయి. డిసెంబరు సీజన్‌లో మ్యూజిక్ అకాడమీలోనూ ఇతర సభల్లోనూ కచ్చేరీలు వినేటప్పుడు, పక్కవాద్యం వయొలిన్ ఎక్కడ గాయకునితో నడుస్తుందో, ఎక్కడ ఒక్క స్వరం మీద నిలిచిపోతుందో ఒక్క సాయంత్రం గమనించండి. అక్కడ అరేంజ్‌మెంట్ కాగితం లేకుండానే కళ్లముందు జరుగుతూ ఉంటుంది.

పాట బయటికి వెళ్లే ముందు హక్కుల సంగతి రాతపూర్వకంగా తేల్చుకోవాలి. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం, సినిమాలో చేరిన పాటకు సంబంధించి స్వరకర్తకు, గీతరచయితకు రావలసిన రాయల్టీ వాటాను వారసులకు గాని, కాపీరైట్ సొసైటీకి గాని తప్ప వేరెవరికీ రాసివ్వడానికి వీలులేదు. అలా రాసిచ్చిన ఒప్పందం చెల్లదు. 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో స్వరకర్తగా సభ్యత్వం తీసుకుని, ప్రతి పాటను నమోదు చేయండి. బాణీ మరొకరిదై అరేంజ్‌మెంట్ మాత్రమే మీదైతే, పేరు ఎక్కడ వేస్తారు, పారితోషికం ఎంత, అది ఎప్పుడు ఇస్తారు అన్న మూడు విషయాలనూ మొదటి సిట్టింగ్‌లోనే అడిగి, మెయిల్ ద్వారా ఖాయం చేసుకున్నాక పని మొదలుపెట్టండి.